చలికాలం టెంట్ ట్రిప్‌కి ఏ పొయ్యి, ఏ గ్యాస్? వెళ్లేముందు ఇంట్లో అందరూ తెలుసుకోవాల్సినవి

2020 జనవరి. కేరళ నుంచి నేపాల్ చూడటానికి వెళ్లిన ఒక పర్యాటక బృందం దామన్ అనే కొండ ప్రాంతంలో రిసార్ట్‌లో దిగింది. రాత్రి చలి బాగా ఉంది. అందులో 8 మంది ఒకే గదిలో గ్యాస్ హీటర్ పెట్టుకుని, తలుపు గడియ వేసుకుని పడుకున్నారు. పొద్దున్న తలుపు తీసి చూస్తే ఒక్కరికీ స్పృహ లేదు. హెలికాప్టర్‌లో కాఠ్మాండూ ఆసుపత్రికి తరలించినా ఎవరూ దక్కలేదు. చనిపోయిన 8 మందిలో నలుగురు పిల్లలు.

అక్కడ మంటలు అంటుకోలేదు. సిలిండర్ పేలలేదు. మూసిన గదిలో మండిన గ్యాస్ నుంచి వచ్చిన కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువు నిద్రలోనే వాళ్ల ప్రాణాలు తీసింది.

అది గోడలున్న గది. టెంట్ అంతకంటే చిన్నది. డిసెంబర్, జనవరి వచ్చాయంటే లంబసింగి, వంజంగి, అరకు వైపు టెంట్లలో ఒక రాత్రి గడిపి రావడం ఇప్పుడు మన కుటుంబాల్లోనూ మామూలైంది. సౌదీ, కువైట్‌లో ఉన్న మనవాళ్లు చలికాలం సెలవుల్లో ఎడారిలో టెంట్ వేసుకుంటారు. కుర్రాళ్లు కశ్మీర్, హిమాచల్ ట్రెక్కులకు వెళ్తున్నారు. అందరూ అడిగేవి మూడే ప్రశ్నలు. ఏ పొయ్యి కొనాలి? ఏ గ్యాస్ పనిచేస్తుంది? ఎంత తీసుకెళ్లాలి? వీటికి జవాబులు చూసేముందు అసలు విషయం ఒకటి మాట్లాడుకోవాలి.

మొదటి రూల్: టెంట్ లోపల నిప్పు వద్దు

బొగ్గు, కట్టె, కిరోసిన్, గ్యాస్ ఏదైనా సరే, గాలి సరిగ్గా అందకపోతే పూర్తిగా మండదు. సగం మండిన దాని నుంచి కార్బన్ మోనాక్సైడ్ వస్తుంది. దీనికి రంగు లేదు, వాసన లేదు, కళ్లు మండవు. మన రక్తంలో ఆక్సిజన్‌ను మోసే హిమోగ్లోబిన్‌కి ఇది ఆక్సిజన్ కంటే 200 రెట్లకు పైగా గట్టిగా అతుక్కుంటుంది. ఊపిరి ఆడుతూనే ఉంటుంది కానీ శరీరానికి ఆక్సిజన్ అందదు.

ఇందులో ఎక్కువ మోసం చేసేది బొగ్గు. కట్టెల మంట పొగ పెడుతుంది కాబట్టి ఎవరూ దాన్ని టెంట్ లోపలికి తీసుకురారు. బొగ్గుల కుంపటి, మన ఇళ్లలో సిగ్డీ అంటామే, అది ఎర్రగా కాలుతుంటే పొగ కనిపించదు. "పొగ లేదు కదా, పిల్లలకు వెచ్చగా ఉంటుంది" అని లోపల పెడతారు. నిజానికి పొగ లేకుండా నిదానంగా కాలే బొగ్గు నుంచే ఈ విషవాయువు ఎక్కువగా వస్తుంది. గల్ఫ్ దేశాల్లో ప్రతి చలికాలం సివిల్ డిఫెన్స్ వాళ్లు టెంట్లలో, మూసిన గదుల్లో బొగ్గు వెలిగించవద్దని హెచ్చరించేది ఇందుకే.

లక్షణాలు కూడా తికమక పెడతాయి. తలనొప్పి, తల తిరగడం, వికారం, మత్తుగా నిద్ర రావడం. ప్రయాణం అలసట అనో, జలుబు అనో, కొండ మీద ఎత్తు పడలేదు అనో అనుకుంటారు. టెంట్‌లో ఇద్దరు ముగ్గురికి ఒకేసారి తలనొప్పి మొదలైతే కారణాలు వెతుక్కుంటూ కూర్చోవద్దు. అందరూ వెంటనే బయటికి రావాలి. పడిపోయిన వాళ్లను బయట గాలిలోకి లాగాలి. 108కి ఫోన్ చేసి, బొగ్గు లేదా గ్యాస్ దగ్గర పడుకున్నారని స్పష్టంగా చెప్పాలి. బయటికి వచ్చాక కొంచెం తేలిగ్గా అనిపించినా ఆసుపత్రికి వెళ్లాల్సిందే. ముఖ్యంగా పిల్లలను, గర్భిణులను, గుండె జబ్బు ఉన్న పెద్దవాళ్లను డాక్టర్‌కు చూపించకుండా ఉండకూడదు.

ఇంకో రెండు కారణాలు కూడా ఉన్నాయి. ఒకటి, ఎల్‌పీజీ గాలి కంటే బరువు. లీకైతే పైకి పోదు, టెంట్ అడుగున పరుచుకుంటుంది. మనం పడుకునేది అక్కడే. రెండు, టెంట్ గుడ్డ. ఇప్పుడు దొరికే టెంట్లలో చాలా వరకు నైలాన్, పాలిస్టర్‌వి. అంటుకుంటే కరిగి ఒంటి మీద పడతాయి.

టెంట్లలో నిప్పు ఎంత పని చేస్తుందో హజ్‌కు వెళ్లొచ్చిన పెద్దలకు చెప్పనక్కర్లేదు. 1997 ఏప్రిల్ 15న మినాలో టెంట్లకు నిప్పంటుకుని 340 మందికి పైగా హాజీలు చనిపోయారు. వంట గ్యాస్ దగ్గర మొదలైన మంట గాలికి వేల టెంట్లకు పాకింది. ఆ తర్వాతే మినాలో మంట అంటుకోని, టెఫ్లాన్ పూత పూసిన ఫైబర్‌గ్లాస్ టెంట్లు వచ్చాయి. హాజీలు టెంట్లలో గ్యాస్ పొయ్యిలు పెట్టుకోవడం ఆగిపోయింది. అంత పెద్ద ఏర్పాట్లు ఉన్న చోటే ఆ రూల్ పెట్టారంటే, కొండ మీద మన చిన్న టెంట్‌కి అది ఇంకా ఎక్కువ వర్తిస్తుంది.

చలిలో గ్యాస్ ఎందుకు మొరాయిస్తుంది?

ఇంట్లో బాగా పనిచేసిన చిన్న గ్యాస్ డబ్బా కొండ మీద పొద్దున్నే చాయ్ పెట్టబోతే టుప్ టుప్ మని ఆరిపోతుంది. డబ్బా ఊపితే లోపల గ్యాస్ ఉన్నట్టే ఉంటుంది. షాపువాడు మోసం చేశాడనుకుంటారు. చాలాసార్లు షాపువాడి తప్పేమీ ఉండదు.

డబ్బాలో ఉండేది ద్రవం. అది ఆవిరైతేనే పొయ్యికి గ్యాస్ వస్తుంది. ఏ గ్యాస్ ఎంత చలిలో ఆవిరవుతుందో దాని మరుగుస్థానం చెబుతుంది. బ్యూటేన్ మైనస్ 0.5 డిగ్రీల దగ్గర, ఐసోబ్యూటేన్ సుమారు మైనస్ 12 డిగ్రీల దగ్గర, ప్రొపేన్ మైనస్ 42 డిగ్రీల దగ్గర మరుగుతాయి. అంటే సున్నా డిగ్రీల చలిలో బ్యూటేన్ డబ్బా దాదాపు నీళ్ల సీసాతో సమానం. ప్రొపేన్ మాత్రం హాయిగా వస్తుంది. ఎత్తుకు వెళ్లేకొద్దీ గాలి ఒత్తిడి తగ్గుతుంది కాబట్టి ఈ లెక్క కొంచెం మనకు అనుకూలంగా మారుతుంది, కానీ దాన్ని నమ్ముకుని బయలుదేరకూడదు.

లంబసింగిలో 4 డిగ్రీలు ఉంటే బ్యూటేన్ పనిచేయాలి కదా అనొచ్చు. మొదట పనిచేస్తుంది. కానీ ద్రవం ఆవిరయ్యేటప్పుడు తన చుట్టూ ఉన్న వేడిని లాక్కుంటుంది. చేతికి శానిటైజర్ రాసుకుంటే చల్లబడినట్టే డబ్బా కూడా చల్లబడుతుంది. బయట 4 డిగ్రీలున్నా పది నిమిషాల వంట తర్వాత డబ్బా సున్నాకు కిందికి జారిపోతుంది, పైన మంచు పడుతుంది. మంట సన్నగిల్లుతుంది.

మన ఇంటి ఎల్‌పీజీ ప్రొపేన్, బ్యూటేన్ కలిసినది. అందుకే ఒట్టి బ్యూటేన్ కంటే చలికి బాగా తట్టుకుంటుంది. పైగా సిలిండర్‌లో ద్రవం ఎక్కువ కాబట్టి త్వరగా చల్లబడదు. ఒక్క చిక్కు ఉంది. ప్రొపేన్ ముందు అయిపోతుంది, చివరికి బ్యూటేన్ మిగులుతుంది. చలి ప్రదేశానికి అడుగంటిన సిలిండర్ తీసుకెళ్తే ఇబ్బంది పడేది అందుకే.

డబ్బా చల్లబడితే ఏం చేయాలి? వాడబోయే ముందు అరగంట రజాయిలోనో, జాకెట్ లోపలో పెట్టుకోవాలి. నేల మీద నేరుగా పెట్టకుండా కింద చెక్క ముక్క వేయాలి. వెడల్పు గిన్నెలో చేతికి గోరువెచ్చగా తగిలే నీళ్లు పోసి డబ్బా అడుగు మునిగేలా నిలబెట్టినా సరిపోతుంది. మరిగే నీళ్లు పోయడం, మంటకు చూపించడం, ఒక పొయ్యి మీద ఇంకో డబ్బా వేడిచేయడం మాత్రం చేయకూడదు. డబ్బా పేలితే పక్కన ఉన్నవాళ్లు బతకరు.

ఏ పొయ్యి ఎవరికి పనికొస్తుంది?

5 కిలోల సిలిండర్, సింగిల్ బర్నర్: కారులో కుటుంబంతో వెళ్లేవాళ్లకు అన్నిటికంటే నమ్మకమైనది ఇదే. ఇండియన్ ఆయిల్ దీన్ని "ఛోటూ" పేరుతో అమ్ముతోంది. అడ్రస్ ప్రూఫ్ అక్కర్లేదు, గుర్తింపు కార్డు చూపిస్తే ఇస్తారు. పెద్ద దేగ్చీ పెట్టినా తట్టుకునే వెడల్పు బర్నర్ దీనికి బిగించుకోవచ్చు. రోడ్డు పక్క షాపుల్లో దొరికే గుర్తులేని చిన్న సిలిండర్లు, పెద్ద సిలిండర్ నుంచి అక్కడికక్కడే నింపి ఇచ్చేవి మాత్రం తీసుకోవద్దు. అలా నింపడం చట్టవిరుద్ధం. వాల్వ్ ఎప్పుడు జారుతుందో నింపినవాడికి కూడా తెలియదు.

కాసెట్ స్టవ్: బ్రీఫ్‌కేసులా ఉండి, పక్కన పొడవాటి స్ప్రే డబ్బా లాంటిది పెట్టే పొయ్యి. చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది, ధర తక్కువ. చాలా డబ్బాల్లో ఉండేది ఒట్టి బ్యూటేన్. అందువల్ల 10 డిగ్రీల పైన బాగా పనిచేస్తుంది, 5 డిగ్రీల కింద సతాయిస్తుంది. దీంతో అసలు ప్రమాదం వేరే ఉంది. ఇద్దరికి ఆమ్లెట్ వేసుకునే పొయ్యి మీద మనవాళ్లు పది మందికి బిర్యానీ దేగ్చీ ఎక్కిస్తారు. దేగ్చీ అడుగు పక్కనున్న డబ్బా మీదకి వచ్చేస్తుంది. వేడి కిందికి కొట్టి డబ్బా కాలి పేలుతుంది. పెద్ద పెనం, గ్రిల్ ప్లేట్ పెట్టినా అంతే. గిన్నె అడుగు డబ్బా మూత దాటి రాకూడదు. వంట అయిపోగానే డబ్బా తీసి విడిగా పెట్టాలి.

మర డబ్బా మీద బిగించే చిన్న స్టవ్: ట్రెక్కింగ్‌కు వెళ్లే కుర్రాళ్లు వాడేది. గుప్పిట్లో పడుతుంది. డబ్బా కొనేటప్పుడు పైన ఏం రాసుందో చదవాలి. ప్రొపేన్, ఐసోబ్యూటేన్ మిశ్రమం అని ఉంటే చలికి సరైనది. ఒట్టి బ్యూటేన్ అని ఉంటే చలికాలం పక్కన పెట్టేయాలి. పొయ్యి డబ్బా నెత్తి మీద ఉంటుంది కాబట్టి గాలి తగలకుండా చుట్టూ రేకు కప్పేస్తే డబ్బా వేడెక్కిపోతుంది. గాలి అడ్డు ఒక వైపే పెట్టాలి, డబ్బాను అప్పుడప్పుడు చేత్తో తాకి చూసుకోవాలి. చేతికి వేడిగా తగిలితే వెంటనే ఆపేయాలి.

కిరోసిన్ పంపు స్టవ్: నానీల కాలంలో ప్రతి ఇంట్లో బుస్సుమని మండిన పొయ్యి. 1892లో స్వీడన్‌లో ప్రైమస్ పేరుతో మొదలైన ఈ రకం పొయ్యినే 1911లో అముండ్‌సెన్ బృందం దక్షిణ ధ్రువానికి తీసుకెళ్లింది. ఇందులో ఒత్తిడి చలి మీద ఆధారపడదు, మనం చేత్తో కొట్టే పంపు మీద ఆధారపడుతుంది. అందుకే మైనస్ 20లో కూడా మండుతుంది. కానీ ముందు స్పిరిట్‌తో బర్నర్ వేడిచేయాలి, పిన్నుతో నాజిల్ శుభ్రం చేయాలి, సరిగ్గా వేడెక్కకపోతే మంట ఎగసిపడుతుంది. అలవాటు లేనివాళ్లు తొలిసారి కొండ మీద ప్రయత్నించేది కాదు ఇది. పైగా కిరోసిన్ దొరకడమే ఇప్పుడు కష్టం. దొరకలేదు కదా అని అందులో పెట్రోల్ పోస్తే పొయ్యి బాంబుగా మారుతుంది. పెట్రోల్‌తో నడిచే పొయ్యిలు వేరుగా ఉంటాయి, వాటి మీద ఆ మాట రాసి ఉంటుంది.

స్పిరిట్ పొయ్యి: తేలిక, చవక. మంట ఎండలో కంటికి కనిపించదు. ఆరిపోయిందనుకుని సీసాతో మళ్లీ స్పిరిట్ పోయబోతే మంట సీసాలోకి పాకుతుంది. పిల్లలు తిరిగే చోట ఇది అస్సలు వద్దు.

కట్టెలు, నెగడు: క్యాంప్ నడిపేవాళ్లు అనుమతి ఉన్న చోట వేస్తే టెంట్లకు దూరంగా కూర్చుని కాచుకోవచ్చు. సొంతంగా అడవిలో వేయకూడదు. రిజర్వ్ ఫారెస్టులో నిప్పు పెట్టడం నేరం. పడుకునే ముందు నీళ్లు పోసి, బూడిద కలిపి, చేయి పైన పెట్టి వేడి లేదని చూసుకోవాలి. మిగిలిన నిప్పు కణికలను టెంట్‌లోకి తెచ్చుకోవాలనే ఆలోచనే రానివ్వకూడదు.

క్యాంప్‌లో కరెంటు ఉంటే ఇవేవీ అక్కర్లేదు. ఎలక్ట్రిక్ కెటిల్ ఒకటి చాలా పనులు చేసిపెడుతుంది. ఎక్స్‌టెన్షన్ బాక్సు ఒక్కదానికే కెటిల్, హీటర్, ఇండక్షన్ అన్నీ తగిలించకుండా ఉంటే చాలు.

ఎంత గ్యాస్ కావాలి? ఒక రాత్రి లెక్క

కొంతమంది అవసరానికి మూడింతలు మోసుకెళ్తారు, కొంతమందికి పొద్దున చాయ్‌కే అయిపోతుంది. లెక్క కష్టమేమీ కాదు.

10 డిగ్రీల చల్లటి నీళ్లు లీటరు మరిగించడానికి, గాలి లేని చోట, మామూలు పొయ్యి మీద సుమారు 16 నుంచి 17 గ్రాముల గ్యాస్ పడుతుంది. పొయ్యి వేడిలో సగమే గిన్నెకు చేరుతుంది, మిగతా సగం గాలిలో పోతుంది అనుకుని వేసిన లెక్క ఇది. ఐదుగురు కుటుంబానికి ఒక సాయంత్రం, ఒక ఉదయం చూద్దాం.

- రెండు పూటలా చాయ్: 50 గ్రాములు
- ఖిచిడీ, కుక్కర్‌లో కాకుండా గిన్నెలో: 60 గ్రాములు
- పొద్దున గుడ్లు ఉడకబెట్టడం: 30 గ్రాములు
- ఇషా, ఫజ్ర్ వుజూకు గోరువెచ్చని నీళ్లు, మనిషికి లీటరు చొప్పున: 55 గ్రాములు
- రాత్రి పక్కలో పెట్టుకునే వేడినీళ్ల బాటిళ్లకు 3 లీటర్లు: 50 గ్రాములు

మొత్తం దాదాపు 245 గ్రాములు. ఇది గాలి లేని చోటి లెక్క. కొండ మీద గాలి, చలి కలిపితే ఒకటిన్నర రెట్లు, ఒక్కోసారి రెండు రెట్లు వేసుకోవాలి. అంటే 400 నుంచి 500 గ్రాములు. 220 గ్రాముల డబ్బాలైతే రెండు దాదాపు పూర్తిగా అయిపోతాయి, మూడోది చేతిలో ఉండాలి. 5 కిలోల సిలిండర్ అయితే ఇలాంటి రాత్రులు పది దాకా వస్తుంది. అందుకే రెండు మూడు కుటుంబాలు కలిసి వెళ్లేటప్పుడు డబ్బాల కంటే ఒక చిన్న సిలిండర్ పంచుకోవడమే లాభం.

వుజూ నీళ్లలో ఒక చిన్న పొదుపు ఉంది. పదిలీటర్ల నీళ్లు మొత్తం పొయ్యి మీద పెట్టనక్కర్లేదు. ఒక లీటరు మరిగించి, రెండు లీటర్ల చల్లటి నీళ్లలో కలిపితే మూడు లీటర్లు సుమారు 40 డిగ్రీల వేడికి వస్తాయి. చేతికి హాయిగా ఉంటాయి. పైన వేసిన 55 గ్రాముల లెక్క ఈ పద్ధతిలోదే.

గిన్నె మీద మూత పెట్టడం, మంటను గిన్నె అడుగు దాటనివ్వకపోవడం, గాలి వచ్చే వైపు అడ్డు పెట్టడం, ఈ మూడింటితోనే గ్యాస్ చాలా మిగులుతుంది. చిన్న ప్రెషర్ కుక్కర్ ఉంటే ఇంకా మంచిది. ఎత్తుకు వెళ్లేకొద్దీ నీళ్లు తక్కువ వేడికే మరిగిపోతాయి. లేహ్ దగ్గర 88 డిగ్రీలకే మరుగుతాయి. మూత తీసిన గిన్నెలో పప్పు గంటసేపు పెట్టినా గట్టిగానే ఉంటుంది. కుక్కర్‌లో ఆ సమస్య లేదు.

మంచు కరిగించి నీళ్లు చేసుకునే చోటికి వెళ్తే లెక్క మొత్తం మారుతుంది. కిలో మంచును నీళ్లుగా మార్చడానికి పట్టే వేడి, ఆ నీళ్లను మరగబెట్టడానికి పట్టే వేడికి కొంచెమే తక్కువ. అంటే గ్యాస్ దాదాపు రెట్టింపు కావాలి.

రైల్లో, విమానంలో తీసుకెళ్లొచ్చా?

కూడదు. గ్యాస్ డబ్బా నిండుదైనా సగం వాడినదైనా విమానంలో చేతి సంచిలోనూ, లగేజీలోనూ రెండింట్లోనూ నిషేధం. రైల్లో కూడా అంతే. ప్రమాదకరమైన సరుకు రైల్లో తీసుకెళ్తే రైల్వే చట్టం 164వ సెక్షన్ కింద 3 ఏళ్ల వరకు జైలు, జరిమానా ఉన్నాయి. 2023 ఆగస్టులో మదురైలో ఆగి ఉన్న టూరిస్ట్ బోగీలో యాత్రికులు దొంగచాటుగా తెచ్చుకున్న గ్యాస్ సిలిండర్‌తో మంటలు చెలరేగి 9 మంది చనిపోయారు. పొద్దున్నే చాయ్ పెట్టుకునే వేళ జరిగిన ప్రమాదం అది. పొయ్యి మాత్రం శుభ్రంగా కడిగి, వాసన లేకుండా తీసుకెళ్లి, గ్యాస్ అక్కడికి చేరాక కొనుక్కోవడమే పద్ధతి. వెళ్లే ఊళ్లో మీ పొయ్యికి సరిపోయే డబ్బా దొరుకుతుందో లేదో ముందే ఫోన్ చేసి కనుక్కోవాలి.

సొంత కారులో అయితే సిలిండర్‌ను నిలబెట్టి, కదలకుండా తాడుతో కట్టి, రెగ్యులేటర్ తీసి సేఫ్టీ మూత పెట్టి తీసుకెళ్లాలి. మధ్యలో టిఫిన్‌కు ఆగినప్పుడు ఎండలో అద్దాలు బిగించి వదిలేయకూడదు. కారులో సిగరెట్ తాగేవాళ్లుంటే ఆ రోజుకి మానేయమనాలి.

ఎక్కడికి వెళ్తే ఏది?

లంబసింగి, వంజంగి, అరకు, ఆదిలాబాద్ వైపు: చలికాలం రాత్రి ఉష్ణోగ్రత పది డిగ్రీల లోపుకి పడుతుంది, లంబసింగిలో ఒక్కోసారి సున్నా దగ్గరికి వస్తుంది. 5 కిలోల ఎల్‌పీజీ సరిపోతుంది. ఒట్టి బ్యూటేన్ డబ్బాలు ఉంటే రాత్రి వెచ్చగా దాచి పొద్దున వాడాలి.

సౌదీ, కువైట్ ఎడారి: పగలు ఎండ చూసి చాలామంది మోసపోతారు. తబూక్, హాయిల్ వైపు రాత్రిళ్లు సున్నా దగ్గరికి, ఇంకా కిందికి కూడా వెళ్తుంది. అక్కడ గ్యాస్‌కు కరువు లేదు. సమస్య బొగ్గుతోనే. బార్బెక్యూ అయ్యాక మిగిలిన బొగ్గును వెచ్చదనం కోసం టెంట్‌లోకి, కారులోకి తేవద్దు.

కశ్మీర్, హిమాచల్, ఉత్తరాఖండ్: మంచు కురిసే రోజుల్లో ప్రొపేన్, ఐసోబ్యూటేన్ మిశ్రమమే. మనిషికి లెక్క రెట్టింపు వేసుకోవాలి.

లద్దాఖ్‌లో చాదర్ లాంటి ట్రెక్కులు: మైనస్ 20, అంతకంటే కింద. అక్కడ పంపుతో నడిచే ద్రవ ఇంధనం పొయ్యిలే నమ్మకం. వాటిని అలవాటున్న వంటవాళ్లే చూసుకోవాలి.

అక్కడ ఇళ్లలో, హోటళ్లలో బుఖారీ అనే పొయ్యి కనిపిస్తుంది. పొగగొట్టం కప్పు దాటి బయటికి పోతుంది కాబట్టి గదుల్లో వాడతారు. అది చూసి "టెంట్‌లో మనమూ పెట్టుకోవచ్చు" అనుకోవద్దు. పొగగొట్టం కోసం ప్రత్యేకంగా కుట్టిన మందపాటి కాన్వాస్ టెంట్‌లు వేరు, మనం కొనే నైలాన్ టెంట్ వేరు.

పొయ్యి ఎక్కడ పెట్టాలి?

టెంట్‌కు కనీసం పది అడుగులు దూరంగా, గాలి టెంట్ వైపు వీయని దిక్కున. నేల చదునుగా ఉండాలి, చుట్టూ ఎండుగడ్డి తీసేయాలి. వాన పడితే పైన ఎత్తుగా టార్పాలిన్ కట్టి, చుట్టూ తెరిచి ఉంచి కింద వండుకోవచ్చు. వెలిగించే ముందు కనెక్షన్ దగ్గర సబ్బు నీళ్లు రాసి బుడగలు వస్తున్నాయేమో చూడాలి. పక్కనే బకెట్ నీళ్లు, కొంచెం మట్టి. పొయ్యి దగ్గర ఒక పెద్ద మనిషి ఎప్పుడూ ఉండాలి, జారిపోయే దుపట్టా, శాలువా ముడివేసుకోవాలి. పడుకునే ముందు సిలిండర్ నాబ్ కట్టేసి బయటే ఉంచాలి.

మరి రాత్రి చలికి ఏం చేయాలి?

అసలు తప్పు జరిగేది ఇక్కడే. వంట బయటే చేస్తారు. రాత్రి రెండింటికి పిల్లలు వణుకుతుంటే మనసు ఆగక పొయ్యి లోపలికి తెస్తారు. ఆ అవసరం రాకుండా సాయంత్రమే ఏర్పాటు చేసుకోవాలి.

చలి ఎక్కువగా కింది నుంచే ఎక్కుతుంది. పైన రెండు రజాయిలు కప్పి కింద పలుచటి చాప వేస్తే లాభం లేదు. ఫోమ్ మ్యాట్ వేసి, దాని మీద మందపాటి దుప్పటి పరవాలి. పడుకునే ముందు కడుపునిండా వేడిగా తినాలి. పగలు తొడిగిన బట్టల్లో చెమట తడి ఉంటుంది, అవి మార్చి పొడి సాక్సులు, టోపీ పెట్టుకోవాలి. గట్టి మూత ఉన్న బాటిల్‌లో వేడినీళ్లు పోసి, గుడ్డ చుట్టి కాళ్ల దగ్గర పెట్టుకుంటే గంటల తరబడి వెచ్చగా ఉంటుంది.

టెంట్ కిటికీలు అన్నీ బిగించకుండా పైన కొంచెం తెరిచి ఉంచాలి. మన ఊపిరిలోని తేమే రాత్రంతా లోపల పేరుకుని రజాయిలను తడిపేస్తుంది. పొయ్యి వెలిగిస్తే అది ఇంకా ఎక్కువ. 100 గ్రాముల గ్యాస్ మండితే సుమారు 150 గ్రాములకు పైగా నీటి ఆవిరి వస్తుంది. అంటే వెచ్చదనం కోసం లోపల పెట్టిన పొయ్యి ఆరిపోయాక, తడి దుప్పటి, ముందు కంటే ఎక్కువ చలి మిగులుతాయి.

ఇన్ని చేసినా పిల్లలో, పెద్దవాళ్లో ఆగకుండా వణుకుతుంటే టెంట్ వదిలేసి దగ్గర్లో ఏదైనా గదికి, ఊళ్లోకి వెళ్లిపోవాలి. కారు దూరంగా ఉంటే ముందే టెంట్ దగ్గర్లో నిలుపుకోవాలి. కారులో కూర్చున్నా ఇంజన్ ఆన్ చేసి అద్దాలు మూసి నిద్రపోకూడదు, అదే విషవాయువు అక్కడా వస్తుంది. బ్యాటరీతో పనిచేసే కార్బన్ మోనాక్సైడ్ అలారం ఆన్‌లైన్‌లో దొరుకుతుంది. తీసుకెళ్తే మంచిదే. అలారం ఉంది కదా అని పొయ్యి లోపల పెట్టుకోవడానికి మాత్రం అది అనుమతి కాదు.

ట్రిప్‌కు బయలుదేరే ముందు ఇంటి డాబా మీద ఒక సాయంత్రం ఆ పొయ్యితోనే చాయ్ పెట్టి చూడండి. పొయ్యి ఎవరు వెలిగిస్తారు, రాత్రి ఎవరు ఆపి బయట పెడతారు అన్నది అప్పుడే తేల్చుకోండి. ఆ రెండో పని చేసే మనిషి పేరు ఇంట్లో అందరికీ తెలిసి ఉండాలి.